తలతన్యత నిర్మూలన పథకం

మృణాళిని పనిచేసే సంస్థకు కాగితాల మీద ఉన్న పేరు అంతరిక్ష లోహ పోత పరిశోధనాలయం. మేడ్చల్ దాటాక ఆటో ఎక్కి ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. చుక్కల ఆఫీసు అంటే మాత్రం తిన్నగా గేటు ముందు దించుతారు. కొందరు ఆటోవాళ్లు దించాక కూడా కాసేపు ఆశగా ఆగి, లోపలి నుంచి ఏ వాసనా రాకపోవడంతో నిరాశపడి వెళ్లిపోయేవారు.

ఆ చుక్క వేరు. మృణాళిని గదిలో ఒక గాజు పెట్టె ఉంది. అందులో కింది నుంచి సన్నటి గాలి ధార వస్తుంటుంది. ఆ ధార మీద మిరియపు గింజంత లోహపు చుక్క ఒకటి, లేజరు వేడికి కరిగి ఎర్రగా వెలుగుతూ, దేనికీ తగలకుండా తేలుతుంటుంది. కరిగిన లోహాన్ని ఏ గిన్నెలో పోసినా గిన్నె మురికి దానికి అంటుతుంది. అంటితే దాని గుణం మారిపోతుంది. అందుకే గాలిలో తేలించడం. తేలే చుక్కను కొద్దిగా కుదిపితే అది వణికి మళ్లీ గుండ్రంగా సర్దుకుంటుంది. ఎంత చురుగ్గా సర్దుకుందో చూస్తే దాని పైపొర ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. బడి పుస్తకాల్లో దాన్ని తలతన్యత అంటారు. సంస్థలో అందరూ సర్‌ఫేస్ టెన్షన్ అంటారు. తలుపు మీద బోర్డు రాసిన పెయింటరు, రేకు చిన్నదైపోవడంతో, 'టెన్షన్ కొలిచే గది' అని రాసి ఊరుకున్నాడు.

ఈ కొలత ఆమెకు ఊసుపోక చేసే పని కాదు. అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి అక్కడ పోసిన పోతలో బుడగలు, మచ్చలు ఉండవని ఆమె నమ్మకం. అందుకోసం ఆరేళ్లు కష్టపడి ఒక చిన్న పోత యంత్రం తయారుచేసింది. అది రాకెట్టులో వెళ్లి, పైన లోహాన్ని కరిగించి, అచ్చులోకి నెట్టి, ఉంగరమంత పళ్లచక్రం ఒకటి పోసి తిరిగి రావాలి. ఎంత బలంతో నెట్టాలన్నది ఆ తలతన్యతను బట్టే ఉంటుంది. బలం తక్కువైతే లోహం అచ్చులోకి దూరకుండా బయటే గోళీలా ఉండ చుట్టుకుంటుంది.

ఆ ఏడు ఎండాకాలంలో పెద్ద అధికారులందరూ ఒక చల్లని కొండ ఊళ్లో మేధోమథనం జరిపారు. ఫైళ్లు ఎందుకు కదలడం లేదన్నది అంశం. ఉద్యోగుల్లో టెన్షన్ వల్ల కదలడం లేదని తేలింది. ఫైళ్లు కదలకపోవడం వల్ల జనంలో టెన్షన్ పెరుగుతోందేమోనని ఎవరో అడగబోయారు కానీ అప్పటికి భోజనాల వేళయింది. కొండ దిగేసరికి 'టెన్షన్ రహిత పాలన మిషన్' పుట్టింది. వారం తిరక్కుండా అన్ని కార్యాలయాలకూ ఒక సర్క్యులరు వచ్చింది.

"తమ కార్యాలయమందు టెన్షన్ కొలుచు సదుపాయము కలదా? కలిగినచో కొలత ఎంత?"

దాదాపు అన్ని శాఖలూ తెలివిగా 'లేదు' అని రాశాయి. విద్యుత్ శాఖ సైతం తన తీగల సంగతి ఎత్తకుండా 'నిల్' అని రాసి పంపింది. చుక్కల ఆఫీసు సూపరింటెండెంటు ఒక్కడే నిజాయితీపరుడు. తలుపు మీద బోర్డు చదివి, లోపలికి వచ్చి, మృణాళినిని కొలత ఎంతని అడిగాడు. సంవత్సర నివేదిక కోసం కాబోలనుకుని ఆమె తన నికెల్ మిశ్రమం అంకె చెప్పింది. ఒకటి పాయింట్ ఏడు ఎనిమిది. కంప్యూటరు గడిలో పాయింట్లు పట్టలేదు. కొలమానం రాసే చోటూ లేదు. ఆయన అంకెను మిల్లీల్లోకి మార్చి 1780 అని నింపాడు. గరిష్ఠం నూరు అన్న సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది.

రెండో రోజు పత్రికలో రాష్ట్రంలోకెల్లా అత్యంత టెన్షన్ గల కార్యాలయంగా ఆ సంస్థ పేరు పడింది. నూటికి వెయ్యిన్ని ఏడు వందల ఎనభై. ఏదో ఒక అంకె ఊహించి రాసి రెండో స్థానంలో నిలిచిన ఒక చేపల పెంపకం కార్యాలయానికి పదకొండు.

పొద్దున్నే జనగామ నుంచి మృణాళిని తల్లి ఫోను చేసింది.

"ఏమైంది బిడ్డా? గంత టెన్షన్ల ఉన్నవని నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"నాకేం కాలేదమ్మా. అది లోహం టెన్షన్."

"నువ్వు గట్లనే అంటవు. చిన్నప్పటి సంది అన్నీ కడుపుల పెట్టుకుంటవు. ఇగో, పొద్దుగాల సబ్జ గింజల నీళ్లు తాగు."

ఆఫీసుకు వెళ్లేసరికి డైరెక్టరు పరాంకుశం గారు వరండాలోనే నిలబడి ఉన్నారు. ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డారు. ఇంకో రెండేళ్లు పొడిగించమన్న విన్నపం పైన నలుగుతోంది. ఈ సమయంలో తన సంస్థ ఎందులోనైనా మొదటి స్థానంలో ఉండటం ఆయనకు ఇష్టం లేదు.

"అమ్మా మృణాళినీ, మనకు ఇంత టెన్షన్ అవసరమా?"

"అది మన టెన్షన్ కాదు సార్."

"మన ప్రాంగణంలో ఉన్నది మనది కాకపోతే ఎవరిదమ్మా? స్టోర్సులో మన పేరున ఉందా లేదా?"

ఆ మధ్యాహ్నమే మిషన్ సంచాలకురాలు కాంచనలత గారు తనిఖీకి వచ్చారు. ఏనుగు దంతం రంగు పట్టుచీర, ఉయ్యాల ఊపినట్టుండే మాట. ఆమె వెనుక ఒక కౌన్సెలరు, చుట్టిన యోగా చాపలు, ఒక స్పీకరు పెట్టె.

"ముందు ఊపిరి తీసుకోండి," అన్నారు మృణాళినితో.

మృణాళిని అప్పటికే తీసుకుంటూ ఉంది. అయినా మర్యాద కోసం ఇంకొకటి తీసుకుంది.

"మేడమ్, ఇది మనుషులకు సంబంధించింది కాదు. ద్రవాల తలతన్యత."

"ఎవరి తల?"

"తల కాదు మేడమ్, తలం. ఉపరితలం. అంటే పైపొర."

"తల ఉండేది పైనే కదమ్మా," అన్నారు కాంచనలత గారు ఎంతో ఓర్పుతో. కౌన్సెలరు తన పుస్తకంలో 'సమస్య ఉందని ఒప్పుకోని దశ' అని రాసుకుంది.

తర్వాత కౌన్సెలరు ప్రయోగశాల సహాయకుడు సాయిలును చాప మీద కూర్చోబెట్టి, దేని గురించి ఎక్కువ టెన్షన్ పడతారని అడిగింది.

"నాకేం టెన్షన్ లేదు మేడం. ఒంటిగంట దాటితే క్యాంటీన్ల పప్పు ఒడుస్తది. గంతే."

"పప్పు అయిపోతుందన్న భయం మీకు జీవితంలో ఎప్పుడు మొదలైంది?"

సాయిలు నిజంగానే ఆలోచించాడు. "క్యాంటీను కంట్రాక్టు మారినప్పటి సంది."

కాంచనలత గారు గాజు పెట్టె దగ్గరికి నడిచి, లోపల వణుకుతున్న ఎర్రటి చుక్కను చూసి నిజంగా జాలిపడ్డారు. "పాపం, ఎంత వణికిపోతోందో చూడండి," అని వేణుగానం పెట్టించారు. స్పీకరు పెట్టెను చుక్క ఉన్న బల్ల మీదే పెట్టారు. మృణాళిని వద్దని నోరు తెరిచేలోపే బల్ల అదిరింది. చుక్క ధార మీంచి జారి, గాజుకు తగిలి చల్లారిపోయింది. తెర మీద అంకె పోయి మూడు గీతలు వచ్చాయి.

"సచ్చిపోయింది మేడం," అన్నాడు సాయిలు.

"ప్రశాంతత పొందింది," అని సవరించారు కాంచనలత గారు. వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. సంగీత చికిత్సతో టెన్షన్ శూన్యానికి పడిపోయిందని అక్కడికక్కడే నమోదైంది. సంస్థకు ఒక లక్ష్యం కూడా ఇచ్చారు. ఏడాది చివరికల్లా శూన్య టెన్షన్.

మర్నాడు పరాంకుశం గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"వేణుగానం రోజూ కుదరదు. శాశ్వత పరిష్కారం కావాలి," అన్నారు.

"సార్, శుద్ధమైన లోహానికి అంత టెన్షన్ ఉండటం ప్రకృతి నిర్ణయం."

"ఏ తేదీన నిర్ణయించింది? మిషన్ మొదలవక ముందా, తర్వాతా?"

"శూన్యం అయితే అసలు చుక్క అనేదే ఉండదు సార్. ఆ బిగువే దాన్ని చుక్కగా పట్టి ఉంచుతుంది."

"చుక్క ఉండాలని సర్క్యులర్లో ఎక్కడా లేదమ్మా. టెన్షన్ ఉండకూడదని ఉంది."

మృణాళినికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే, అనకూడని మాట అనేసింది. "తగ్గించాలంటే ఒకటే మార్గం సార్. లోహాన్ని మురికి చెయ్యడమే. నీళ్లలో సబ్బు కలిపినట్టు, ఇందులో చిటికెడు గంధకం కలిపితే సరి, పైపొర వదులైపోతుంది."

ఆమె వెటకారంగా అంది. పరాంకుశం గారు దాన్ని సూచనగా రాసుకున్నారు.

పది రోజుల్లో మలిన సేకరణ కమిటీ ఏర్పడింది. లోహంలో కలపవలసిన మలినం కోసం టెండర్లు పిలిచారు. కొనుగోలు నిబంధనల ప్రకారం ఆ మలినం అత్యంత స్వచ్ఛంగా ఉండాలి. మొదట వచ్చిన సరుకులో ఏదో కలిసిందని అనుమానించి, మలినం మలినమైందన్న కారణంతో వెనక్కి పంపారు. రెండోసారి మేలురకం మలినం వచ్చింది. మృణాళిని తన చేత్తో ఆ పని చేయనంది. పక్క విభాగం వాళ్లు వచ్చి కలిపి వెళ్లారు. టెన్షన్ పదమూడు వందలకు దిగింది. ఇంకాస్త కలిపాక తొమ్మిది వందలకు దిగింది.

ఉత్సాహం అక్కడితో ఆగలేదు. సంస్థలోని ద్రవాలన్నిటికీ లక్ష్యం వర్తిస్తుందని పరాంకుశం గారు స్పష్టం చేశారు. నీళ్ల ట్యాంకులో కుంకుడు రసం పోశారు. ఆ వారమంతా క్యాంటీను చారు నురుగులు కక్కింది. సాయిలు ఇంటి నుంచి సద్ది తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. సంస్థకు 'ప్రశాంత కార్యాలయం' పురస్కారం వచ్చింది. వేదిక మీద శాలువా కప్పించుకుని కిందికి దిగిన పరాంకుశం గారి ముఖంలో, పొడిగింపు వచ్చినంత వెలుగు కనిపించింది.

ఇక్కడిదాకా మృణాళిని పళ్ల బిగువున ఓర్చుకుంది. పాత కొలతలు ఆమె దగ్గర ఎలాగూ ఉన్నాయి, యంత్రం వెళ్తే చాలుననుకుంది. రాకెట్టు దగ్గరపడ్డాక యంత్రంలో నెట్టే బలాన్ని, దానికి ఆధారమైన టెన్షన్ అంకెను నమోదు చేయడానికి డైరెక్టరు సంతకం కోసం వెళ్లింది. ఆయన కాగితం చూసి అదిరిపడ్డారు.

"పదిహేడు వందల ఎనభై అని రాశావేమమ్మా? మన అధికారిక కొలత తొమ్మిది వందలు. వచ్చే నెలకు శూన్యం."

"యంత్రంలో ఉన్నది శుద్ధమైన లోహం సార్. శూన్యానికి లెక్కవేస్తే బలం కూడా శూన్యమే వస్తుంది. లోహం అచ్చులోకి వెళ్లదు. పళ్లచక్రానికి బదులు గోళీ వస్తుంది."

"గుండ్రంగా వస్తే మంచిదేగా. భూమి గుండ్రంగా లేదూ?"

"సార్, ఆరేళ్ల పని ఇది."

"నా ఉద్యోగం ముప్పై నాలుగేళ్ల పని," అన్నారు ఆయన మెల్లగా. ఆ మాటలో బెదిరింపు లేదు, భయమే ఉంది. అందుకే ఆమె కాగితం తీసుకుని వచ్చేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె చాన్నాళ్ల తర్వాత ఏడ్చింది. పక్క సీటావిడ, "ఏ ఆఫీసమ్మా?" అని అడిగి, చుక్కల ఆఫీసని విని, "అవునవును, పేపర్ల వచ్చింది," అని జాలిగా తల ఊపింది.

మర్నాడు ఆమె నేరుగా నగరంలోని మిషన్ కార్యాలయానికి వెళ్లింది. గోడల నిండా 'నవ్వండి' అన్న బోర్డులు. బంట్రోతు మాత్రం, "లోపలికి పోకుండ్రి, అమ్మగారు గరం మీదున్నరు," అన్నాడు. మృణాళిని తలుపు తోసుకుని వెళ్లింది.

కాంచనలత గారు బల్ల మీద తల వాల్చి ఉన్నారు. పక్కన బీపీ మాత్రల అట్ట, సగం తాగిన నీళ్లు. తల ఎత్తి చూసి ఉయ్యాల గొంతు తెచ్చుకోబోయారు కానీ ఆ పూట అది రాలేదు.

"మీ యంత్రం మనుషులకు పనికిరాదా నిజంగా?" అని అడిగారు.

"పనికిరాదు మేడమ్."

"నాకు మూడు నెలలుగా నిద్ర లేదు. రాష్ట్రం మొత్తం టెన్షన్ నా ఒక్కదాని నెత్తిన పెట్టారు. తగ్గిందని ప్రతి సోమవారం చూపించాలి. మా కార్యాలయం టెన్షన్ నాలుగని రాశాం. ఆ నాలుగు అన్న అంకె రాసిన గుమాస్తా సెలవు పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు."

మృణాళిని కుర్చీ లాక్కుని కూర్చుంది. చుక్క సంగతి, అచ్చు సంగతి, గోళీ సంగతి మొదటినుంచి చెప్పింది. ఈసారి కాంచనలత గారు విన్నారు. తల అంటే ఏమిటో తలం అంటే ఏమిటో కూడా అర్థమైంది.

"అయితే తప్పు మాదే," అన్నారు. "కానీ అంకె మార్చలేను. పురస్కారం ఇచ్చేశాం. అది తప్పంటే ఇచ్చిన మంత్రిగారిది తప్పవుతుంది. అలాంటి తప్పు ఉండదు."

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఉన్నట్టుండి ఆమెలోని అధికారి మేలుకుంది.

"మీ యంత్రం పనిచేసేది ఎక్కడ?"

"అంతరిక్షంలో మేడమ్."

"మా మిషన్ పరిధి రాష్ట్ర సరిహద్దుల వరకే. నాలుగు దిక్కులూ రాశాం. పైకి ఎంత దూరమన్నది ఎవరూ రాయలేదు." ఆమె కలం తీశారు. "రాష్ట్రంలో టెన్షన్ ఉండకూడదు. రాష్ట్రం బయట ఉంటే మాకు సంబంధం లేదు. మీరు దాన్ని బయటికి తరలిస్తున్నారు. తరలింపునకు అనుమతి ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు."

అనుమతి పత్రం ఆ సాయంత్రమే వచ్చింది. రాష్ట్ర పరిధిలో నిర్మూలింపబడిన టెన్షన్‌లో మిగులును, పరిమాణము ఒక చుక్క, విలువ 1780, భూమి నుండి తగినంత ఎత్తునకు తరలించి, అచ్చటనే వినియోగించుటకు అనుమతించడమైనదని అందులో ఉంది. పరాంకుశం గారు దాన్ని రెండుసార్లు చదివి, ముద్ర ఉందని చూసి మృణాళిని కాగితం మీద సంతకం పెట్టారు.

యంత్రం వెళ్లింది. అది తిరిగొచ్చిన పెట్టెను సముద్రంలోంచి తీసి, లారీలో తెచ్చి గదిలో పెట్టారు. సాయిలు మరలు విప్పాడు. అచ్చు తెరుచుకుంది. లోపల ఉంగరమంత పళ్లచక్రం. ప్రతి పన్నూ పదునుగా ఉంది. ఎక్కడా బుడగ లేదు, మచ్చ లేదు. మృణాళిని దాన్ని అరచేతిలో పెట్టుకుని పళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

"మస్తు జేసినవు మేడం," అన్నాడు సాయిలు.

పళ్లచక్రం సంగతి పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. పరాంకుశం గారి ప్రకటన మాత్రం వచ్చింది. 'రాష్ట్రపు టెన్షన్ అంతరిక్షానికి తరలింపు. దేశంలో ఇదే తొలిసారి.'

ప్రభుత్వం పరవశించిపోయింది. ఇంత సులువైన మార్గం ఉండగా తగ్గించడం దేనికి, పంపేస్తే పోలా అన్న ఆలోచన పైస్థాయిలో పుట్టింది. తదుపరి రాకెట్టులో రెండు వందల కిలోల జాగా టెన్షన్ కోసం కొన్నారు. మృణాళిని రెండో యంత్రాన్ని కూడా ఆ జాగా చివర్లో, మిగిలిన మూలలో పెట్టుకోవచ్చన్నారు. ఆమెను టెన్షన్ ఎగుమతి అధికారిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. వచ్చిన సరుకులో ఏది టెన్షనో, ఏది కాదో తేల్చే సర్వాధికారం ఆమెదే. కానిదాన్ని తిప్పి పంపితే, పంపిన శాఖ దాన్ని వెంటనే పరిష్కరించాలి.

వారంలోపే లారీలు బారులు తీరాయి. తమను ఏళ్ల తరబడి వేధిస్తున్న ఫైళ్లన్నిటినీ శాఖలు మూటగట్టి పంపాయి. సరిహద్దు తగాదాలు, రాని బదిలీలు, ముగియని విచారణలు. ఒక శాఖ తమ దగ్గర పనిచేసే ముక్కుసూటి ఇంజనీరునే పంపించింది. ఆయన టిఫిను డబ్బాతో సహా వచ్చి రెండు రోజులు వరండాలో కూర్చున్నాడు.

మూటల వెనకాలే మనుషులూ వచ్చారు. మొదట వచ్చింది నర్సవ్వ. డెబ్బై దాటిన మనిషి, మెదక్ అవతలి పల్లె.

"మా కాయితం ఈడికొచ్చిందట గదా బిడ్డా. మీదికి పంపుతున్నరట."

"ఏం కాయితం అవ్వా?"

"మా ఇంటి దర్వాజ ముందటనే కరెంటు స్తంభం పాతిండ్రు. మంచం బయటికి రాదు. మొన్న మా ముసలాయన పోతే, ఆయనను పెంక తీసి మీదికెల్లి దించినం. ఆఫీసుల అడిగితే, నీ టెన్షన్ రాకెట్ల పోతున్నది, ఇగ ఫికరు చెయ్యకన్నరు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "కాయితం మీదికి పోతే స్తంభం గూడ పోతదా?"

మృణాళిని ఆ ఫైలు వెతికించింది. రాకెట్టు వాళ్ల నిబంధన ప్రకారం, పైకి వెళ్లే ప్రతి వస్తువునూ విప్పి చూసి, తూచి మరీ ఎక్కించాలి. అలా ఆ ఫైలును మొదటిసారి ఒకరు చదివారు. తొమ్మిదేళ్లలో ఇరవై ఒక్క బల్లలు తిరిగింది. అన్ని బల్లల మీదా దాని మీద అభిప్రాయం రాశారు కానీ స్తంభం జరపమని ఎవరూ రాయలేదు.

ఆమె కలం తీసి, కింద ఖాళీగా ఉన్న చోట రాసింది. 'ఇందులో టెన్షన్ లేదు. స్తంభం మాత్రమే ఉంది. జరపండి.'

స్తంభం నాలుగు రోజుల్లో జరిగింది. ఉత్తర్వు అలా ఉంది మరి. ఆ కబురు తెలిసి గేటు ముందు జనం పెరిగారు. మృణాళిని పొద్దున్నించి సాయంత్రందాకా ఫైళ్లు విప్పింది. చాలావాటికి ఒక్క సంతకమే తక్కువ. 'ఇందులో టెన్షన్ లేదు, దారి ఉంది. వదలండి.' 'ఇందులో టెన్షన్ లేదు, బడికి పైకప్పు లేదు. వేయించండి.' ముక్కుసూటి ఇంజనీరును కూడా, 'టెన్షన్ కాదు, ఇంజనీరే,' అని రాసి వెనక్కి పంపింది.

మూటలు తరుగుతుంటే సాయిలుకు దిగులు పట్టుకుంది.

"మేడం, గిట్ల అన్నీ వాపస్ పంపితే రాకెట్ల ఏం పెడ్తం? బరువు లేకుంటే జాగ కాన్సిల్ అంటున్నరు. మన మిషిను గూడ పోదు."

ఆ సంగతి ఆమెకు తెలుసు. రెండో యంత్రం పక్కనే బట్ట కప్పి ఉంది. ఈసారి అందులో పళ్లచక్రం కన్నా సున్నితమైన అచ్చు పెట్టింది. కాసేపు కలం బల్ల మీద పెట్టి, ఆ బట్ట వైపు చూసింది. కిటికీ అవతల నీడ కోసం గోడకు ఆనుకుని నిలబడ్డ జనాన్ని చూసింది. తర్వాతి ఫైలు తియ్యమంది.

రాకెట్టుకు ముందు వారం పరాంకుశం గారు ఒక మెమో పట్టుకుని పరుగున వచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. రాష్ట్రంలో ఎగుమతికి సిద్ధంగా ఉన్న టెన్షన్‌ను తగిన అనుమతి లేకుండా తగ్గించినందుకు సంజాయిషీ కోరుతూ వచ్చిన మెమో అది.

"ఎంత పని చేశావమ్మా! మంత్రిగారు జెండా ఊపడానికి వస్తున్నారు. రెండు వందల కిలోలని ప్రకటించాం. మన దగ్గర ఎంత ఉంది?"

"నూట ఇరవై రెండు కిలోలు సార్. అందులో యంత్రమే నూట ఇరవై."

"మిగతాది?"

"అసెంబ్లీ ప్రశ్నలు సార్. వాటికి మాత్రం జవాబు నాకు దొరకలేదు."

పరాంకుశం గారు కుర్చీలో కూలబడ్డారు. డెబ్బై ఎనిమిది కిలోల లోటు. పొడిగింపు ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉంది. అది రేపు సంతకమవుతుందో, ఎల్లుండి ఇంటికి పొమ్మంటారో తెలియదు. ఆయన అరచేతులు తుడుచుకున్నారు, గొంతు సవరించుకున్నారు, గడియారం చూశారు, మళ్లీ అరచేతులు తుడుచుకున్నారు. సాయిలు ఆయన్నే పైనుంచి కిందిదాకా, సరుకు అంచనా వేసే కళ్లతో చూస్తున్నాడు.

"మేడం," అన్నాడు చివరికి. "సార్ ఎంతుంటరు?"

మృణాళిని కూడా చూసింది. తేల్చే సర్వాధికారం ఆమెదే.

"సార్, ఒక్కసారి ఆ కాటా మీద నిలబడతారా?"

అడిగింది అధికారి. ఆమె వెనుక ముద్ర ఉన్న ఉత్తర్వు ఉంది. పరాంకుశం గారు లేచి కాటా దాకా నడిచారు. దాని ముందు ఆగి, ముప్పై నాలుగేళ్ల అనుభవంతో వెనక్కి తిరిగి అడిగారు.

"బూట్లతోనా అమ్మా, బూట్లు లేకుండానా?"